జినెట్ కలలు

“పియానో కడుపు నిండా చేపలా! ఎక్కణ్ణించి తెస్తావయ్యా ఇలాంటి కలలు?” అంటూ ఒక్తావ్ వీపు మీద చరిచాడు ఫెర్నాన్.

ప్యారిస్‌లో ఆ కాఫీ హోటల్ మూలబల్ల, కలల్లోని వింతల్ని బొమ్మలుగా వేసే అధివాస్తవిక చిత్రకారులది. ఫెర్నాన్ వాళ్ల పెద్ద. గోడకి ఆనించిన ఒక్తావ్ కొత్త బొమ్మని చూసి అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే నెల ప్రదర్శనలో పెద్దగోడ మొత్తం ఒక్తావ్‌కే అన్నారు. ఒక్తావ్‌కి మాత్రం తల కొట్టేసినట్టయింది.

వీళ్లలో చేరకముందు అతను ఆపిల్‌పళ్లూ పూలకుండీలూ వేసుకునేవాడు. వీళ్ల బొమ్మలు చూశాక కుంచెకి పిచ్చెక్కింది. కానీ ఈ బల్ల దగ్గర కట్టుబాటు ఒకటుంది. ఎవరి కల వాళ్లే వెయ్యాలి. పోస్టుకార్డు మీది బొమ్మ చూసి వేశాడని మొన్ననే ఒకణ్ణి నిలబెట్టి, నాలుగు తిట్టి, వెలివేశారు.

ఒక్తావ్‌కి చూస్తే కలలే రావు. పక్క మీద వాలితే ఒళ్లు తెలియని నిద్ర. లేస్తే బుర్ర ఖాళీ.

కలలన్నీ అతని భార్య జినెట్‌వి. పొద్దున్నే కాఫీలో రొట్టె ముంచుకుంటూ, ఆవలిస్తూ చెప్పేది. అతను అన్నీ మానేసి ఆమె కళ్లలోకి చూస్తూ వినేవాడు. ఆ తర్వాత రోజంతా ఆమె ఇంట్లో ఉందన్న ధ్యాసే ఉండేది కాదు. అది తలుచుకున్నా సిగ్గే.

ఇవాళ ఆమె కూడా వచ్చింది. ఎర్రబడ్డ కళ్లతో పక్కనే కునికిపాట్లు పడుతోంది.

“చెప్పవోయ్! నీ నిద్రలోంచి ఊడిపడిందేగా ఇది?” అన్నాడు ఫెర్నాన్.

ఇన్నాళ్లూ ఔనంటూనే వచ్చాడు. ఆమె ఎదుట అలా అనలేకపోయాడు.

“కాదు. ఏ ఒక్కటీ నాది కాదు. అన్నీ జినెట్ కలలు. దొంగిలించాను.”

“ఛీ! పెళ్లాం కలలు అమ్ముకు తింటున్నావా?” అన్నారెవరో.

ఫెర్నాన్ అతని ముందున్న గ్లాసు తీసేశాడు. “లే. ఇక ఈ బల్ల ఛాయలకి రాకు.” జినెట్ వైపు తిరిగి వినయంగా వంగాడు. “మేడమ్, ఈ కుర్చీ, ఆ పెద్దగోడ మీవి. రేపొచ్చి మీ కల మీ నోటితోనే చెప్పండి.”

జినెట్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. భర్త కోటు అందుకుని బయటికి నడిచింది.

వీధిలో తుంపర పడుతోంది. వెనకే వచ్చిన ఒక్తావ్ తలెత్తలేదు. “క్షమించు జినెట్. నా పరువు పోతే పోయింది, నీది నీకు ఇచ్చేశాను. రేపు తప్పకుండా వెళ్లు.”

ఆమె గోడకి జారగిలబడి భోరుమంది.

“వెళ్లి ఏం చెప్పను? పొద్దున ఆ కాసేపే కదా నువ్వు నా మొహం చూసేది, అందుకే ఆ కలలు నావని అబద్ధమాడాను... రాత్రంతా నిద్రలో కలవరించేది నువ్వు, మేలుకుని వినేది నేను.”