ఒకటో నంబరు టోకెను

ఆ సోమవారం పొద్దున వెంకటనర్సయ్య చేతిలో ఉన్నవి మూడు: డాక్టరు రాసిన చీటీ, ఒకటో నంబరు టోకెను, పన్నెండు మెట్లకు సరిపడే ఊపిరి.

తార్నాకలో కింద బియ్యం దుకాణం, పైన ఇల్లు. మధ్య పద్దెనిమిది మెట్లు. పన్నెండో మెట్టు మీద ఆగి గోడ పట్టుకోవాలి.

గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్నాడు డాక్టరు. ఆపరేషన్ ఇప్పుడే చేయాలా, ఆగొచ్చా అన్నది సైకిల్ పరీక్ష తేల్చాలి. ముక్కూ నోరూ మూసే మాస్కు కట్టి తొక్కిస్తారు. గుండె, ఊపిరితిత్తులు ఎంత మోయగలవో యంత్రం కొలుస్తుంది.

యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గరి పరీక్ష గదిలోకి వెళ్తే, సైకిల్ మీద అప్పటికే ఒక మనిషి ఉన్నాడు.

యాభై దాటిన బక్కపల్చని మనిషి. హాయిగా తొక్కుతున్నాడు.

వెంకటనర్సయ్య గుర్తుపట్టాడు. తాను నడవగలిగిన రోజుల్లో క్యాంపస్ రోడ్డు మీద రోజూ తనను దాటి పరుగెత్తిపోయిన మనిషే.

"ఏం బిడ్డా, ఒకటో నంబరు నాది కాదా?" యంత్రం నడిపే అమ్మాయి నిరోషను అడిగాడు.

"మీదే అంకుల్. పది నిమిషాలు. ఎలీషా అన్న దిగంగనే మిమ్మల్నే ఎక్కిస్త."

"ఆయన టోకెనేది?"

"ఆయనకు టోకెన్ ఉండదంకుల్. ఆయన ఎక్కినంకనే..."

"సిఫారసా! రోజు గుర్రం లెక్క ఉరుకుతడు. గీయనకు ఆయాసమా? నా దుకాణంల గిట్ల చేస్తే గిరాకీ ఊకుంటదా?"

బెంచీ మీదున్నవాళ్లు కూడా న్యాయమే కదా అన్నారు.

వెంకటనర్సయ్య వెళ్లి ఆ మనిషి చేయి పట్టుకున్నాడు. "దిగు నాయనా."

ఎలీషా మాస్కు తీశాడు. "పర్వాలేదమ్మా నిరోషా. పెద్దాయన ఆయాసపడుతున్నారు, ఎక్కనివ్వండి. నేను సాయంత్రం వస్తాను."

"సాయంత్రమైనా సరే, టోకెన్ తీస్కొనే రా."

అందరూ నవ్వారు. ఎలీషా కూడా నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నిరోష ఒకసారి యంత్రం వైపు చూసింది, ఒకసారి నిండిన బెంచీ వైపు చూసింది.

"ఎక్కండంకుల్," అంది.

రిపోర్టు బాగా వచ్చింది. ఆపరేషన్‌కు తొందరేమీ లేదన్నాడు డాక్టరు.

వారం రోజులు ఆ కథ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు వెంకటనర్సయ్య. "మన వంతు మనం గుంజుకోకుంటే ఎవడిస్తడు?"

పై వారం, మంగళవారం పొద్దున, కాటా మీద కిలో రాయి పెట్టి చూస్తున్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు. రాయి పెడితే సరిగ్గా కిలో చూపాలి. అప్పటిదాకా మొదటి గిరాకీ ఎంత తొందరపెట్టినా గింజ తూచడు.

గుమ్మంలో ఎలీషా నిలబడ్డాడు.

"అయ్యా, మీరు ఫోన్ ఎత్తడం లేదని నిరోషమ్మ పంపిందండి. మళ్లీ ఒకసారి రావాలి. ఆ రోజు మీ లెక్క తప్పు వచ్చింది. డబ్బులేం కట్టక్కర్లేదు."

"నీకెట్ల తెల్సు? నువ్వేమన్న డాక్టర్వా?"

"కాదండి. నిన్న నేను తొక్కితే తేడా వచ్చింది."

"నువ్వు తొక్కితే తేడా వస్తే, తేడా నీ ఒంట్ల ఉన్నట్టు. నా రిపోర్టు మంచిగొచ్చిందని కండ్లు మండుతున్నయా?"

"అది కాదండి, నేను..."

"నడువయ్యా, గిరాకీ టైం."

ఎలీషా జేబులోంచి కాగితం తీసి పేర్లు చూసుకున్నాడు. "ఇంకా గోల్నాక, వారాసిగూడ వెళ్లాలండి. వచ్చేదాకా బరువులు మాత్రం ఎత్తకండి."

గురువారం వెంకటనర్సయ్య ఇరవై ఐదు కిలోల బస్తా ఎత్తాడు. రిపోర్టు ఇచ్చిన ధైర్యం.

బస్తా పక్కనే పడిపోయాడు.

పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. "ముందే కోస్తే తేలిగ్గా పోయేది," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు గుండె అలిసిపోయింది. కోలుకున్నాక, తట్టుకుంటుందో లేదో చూద్దాం."

ఇంటికొచ్చిన తర్వాతి సోమవారం, భార్య బాలలక్ష్మి చేయి పట్టుకుని పరీక్ష గది గుమ్మం దాకా వచ్చాడు.

లోపల సైకిల్ మీద ఎలీషా.

"ఆ వారం పద్దెనిమిది మందికి తప్పు లెక్కలే అంకుల్," అంది నిరోష. "పది ఉంటే పదమూడు చూపింది. ఎలీషా అన్ననే ఇంటింటికి పోయి అందరిని పిలిచిండు. మీరొక్కరే రాలే."

"మిషన్ తప్పని ఎట్ల తెలిసింది బిడ్డా?"

"ఎనిమిదేండ్ల సంది ప్రతి సోమవారం మొదలు ఆయననే ఎక్కిస్తం. ఆయన లెక్క ఎప్పటికి ఒక్కటే. వేరే వస్తే, తప్పు మిషన్ల ఉన్నట్టు. ఆ రోజు మీకు గట్టిగ చెప్పకపోవుడు నాది గూడ తప్పే."

"సాయంత్రం వస్తనన్నడు కద?"

"వచ్చిండు. మీరన్నట్టే టోకెన్ తీస్కున్నడు. ఆయాసపడేటోళ్లను చూసి తన వంతు వాళ్లకిచ్చి, తొక్కకుండనే పోయిండు."

"ఏమిస్తరు ఆయనకు?"

"తొక్కినంక గ్లాసెడు నీళ్లు."

"మరి రోజు ఆ ఉరుకుడు?"

"ఆ లెక్క మారొద్దని అంకుల్."

అప్పుడే ఎలీషా గుమ్మంలో రొప్పుతున్న మనిషిని చూశాడు. చోటివ్వడానికి మాస్కు మీద చేయి వేసి దిగబోయాడు.

"దిగకే అన్నా," అన్నాడు వెంకటనర్సయ్య. ఆ రెండు మాటలకే ఊపిరి అయిపోయింది.

లెక్క చూసుకుంటే, పన్నెండు మెట్ల ఊపిరి నాలుగు మెట్లకు తరిగింది. ఆయాసంతో ఉన్న పదిహేడు మంది తన మూలాన రెండోసారి తొక్కారు.

చేతికి దక్కింది ఒక్క ఎరుక: కిలో రాయి పెట్టి చూడనిదే గింజ తూచని తాను, ఆ గదిలోని కిలో రాయిని చేయి పట్టుకుని దింపేశాడు.