గ్రాఫ్ సార్ దొంగతనం

కంప్యూటర్ ల్యాబ్‌లో ఉన్న పాతిక ట్యాబ్‌లనూ ఎవరైనా ఎత్తుకుపోతే ఎంత బాగుంటుందో అని గ్రాఫ్ సార్‌కి సోమవారం పొద్దున అనిపించింది. మధ్యాహ్నానికి ఆ ఆలోచన కాస్తా పథకమైపోయింది.

ఆయన చెడ్డవాడేం కాదు. బోర్డు మీద ఏ లెక్క మొదలుపెట్టినా చివరికి గ్రాఫ్ దగ్గరే తేలతాడు కాబట్టి కాలేజీ పిల్లలు ముద్దుగా పెట్టుకున్న పేరది. ఆయన బాధల్లా ఆ ట్యాబ్‌లతోనే. సైన్సు లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌ని నానా తంటాలు పడి వాటిలోకి ఎక్కించాడు. లారీ వెళ్తే వంతెన ఎంత ఊగుతుందో అది లెక్కగట్టి బొమ్మలో చూపించాలి. చూపిస్తేగా! రన్ నొక్కి, క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఆ తర్వాత ట్యాబ్ పెనంలా కాలిపోయి ఆగిపోయేది.

కాలేజీల మధ్య ప్రాజెక్టుల పోటీ నెల్లోకొచ్చేసింది.

"సార్, మా వంతెన ఈ జన్మలో ఊగుతుందంటారా?" అని మూడో బెంచి అమ్మాయి అడిగినప్పుడు ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ప్రిన్సిపాల్‌ని అడగడం అప్పటికే అయిపోయింది. "పనిచేసేవి పక్కన పడేసి కొత్తవి కొనమంటే ట్రస్టువాళ్లు నన్ను పక్కన పడేస్తారు మాస్టారూ," అన్నాడాయన. "ఏ దొంగో ఎత్తుకుపోయాడనుకోండి, అది వేరే సంగతి. ఇన్సూరెన్స్ ఉంది."

ఆయన నవ్వులాటకే అన్నాడు. గ్రాఫ్ సార్ మనసులో పెట్టుకున్నాడు.

మంగళవారం ల్యాబ్‌కి తాళం వేయకుండా, బీరువా తాళంచెవి బీరువాకే వదిలేసి ఇంటికెళ్లాడు. ఆయన చెప్పులు విప్పేలోగా వాచ్‌మన్ తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మర్చిపోయారు సార్. తలుపు నేనే వేసొచ్చాను."

గురువారం ట్యాబ్‌లన్నీ సంచిలో వేసి, రోడ్డు మీద పోయేవాళ్లకి కనబడేలా వెనక వరండాలో పెట్టాడు. వాచ్‌మన్ ఆ సంచిని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మోసుకొచ్చాడు. శుక్రవారం ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి, బీరువాలో ట్యాబ్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని కొత్త తాళం వేయించాడు.

"పిసినారి! ఈ డొక్కు సామాన్లకి కొత్త తాళం ఒకటి," అని గ్రాఫ్ సార్ పళ్లు నూరాడు. ఊరి దొంగల మీద కూడా నమ్మకం పోయింది. ఆదివారం వాచ్‌మన్ భోజనానికి వెళ్లిన సమయం చూసి, తాళం విరగ్గొట్టి, ఆ పనేదో తనే కానిచ్చేశాడు.

సంచి బావమరిది ఇంటికి చేరింది. ఆ బావమరిదికి బావంటే ప్రాణం. ఇంట్లో వైఫైకి కూడా 'గ్రాఫ్ సార్ బావమరిది' అని పేరు పెట్టుకున్నాడు.

"ఏంటి బావా, దొంగసొమ్మా?" అన్నాడు పకపకా నవ్వుతూ.

"నోర్ముయ్. అటక మీద పెట్టు. ముట్టుకున్నావో, మీ అక్కతో చెప్తాను."

"నీ మీద ఒట్టు బావా, కన్నెత్తి కూడా చూడను."

సోమవారం గ్రాఫ్ సార్ అద్దం ముందు అభ్యాసం చేసుకున్న ఏడుపు మొహంతో కాలేజీకి వచ్చాడు. ల్యాబ్‌లో ప్రిన్సిపాల్ ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు.

"ఘోరం జరిగిపోయింది సార్! ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేశారా?"

"తొందరేముంది? ముందు ఇది చూడండి."

తెర మీద వంతెన. దాని మీద లారీ. లారీ వెళ్తుంటే వంతెన మెల్లగా వంగి, లేచి, ఊగింది.

గ్రాఫ్ సార్ దొంగతనం మాటే మర్చిపోయాడు. "ఊగింది! సార్, ఊగింది!" అని గంతేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏ ట్యాబ్‌లోంచి వచ్చింది సార్?"

"పోయినవాటిల్లో ఒకదాంట్లోంచి. మూడో బెంచి అమ్మాయి శనివారం రన్ నొక్కి వదిలేసిందట. ఎవరో పుణ్యాత్ముడు తీసుకెళ్లి చార్జింగ్ పెట్టి, వైఫై కూడా కలిపాడు. ఆగిన చోటి నుంచే మొదలుపెట్టి నిదానంగా లెక్క పూర్తిచేసుకుంది. పూర్తవగానే జవాబు ఈ కంప్యూటర్‌కి వచ్చేసేలా ఏర్పాటు చేసింది మీరేగా?"

"అవును సార్, అది నా ఐడియానే," అన్నాడు గ్రాఫ్ సార్ గర్వంగా.

"ఏ వైఫై నుంచి వచ్చిందో కింద రాసేలా కూడా మీరే చేశారు. చదవండి."

గ్రాఫ్ సార్ చదివాడు. బావమరిది ఆదివారం క్రికెట్ మ్యాచ్ చూడకుండా ఉండలేడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగం పోయినట్టే. ఇంట్లో ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? పిల్లలకి ఏమని చెప్పాలి?

"తప్పయిపోయింది సార్," అన్నాడు తల దించుకుని. "పిల్లల కోసం చేశాను. కొత్తవి వస్తాయని..."

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకుని, గడియారం కేసి చూసి గబుక్కున లేచాడు.

"ముందు స్కూటర్ తీయండి మాస్టారూ, పాతవి ఒక్కటి కూడా తగ్గకుండా అప్పజెబితే బదులు అన్నీ కొత్తవే ఇస్తామన్న కంపెనీ వ్యాన్ మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది, మీకు చెప్పకుండా సంతోషపెడదామని వారం నుంచి వాటికి కాపలా పెట్టి చస్తున్నాను!"