దగ్గు మీద ట్రే

"చిన్న జలుబే కదా సిస్టర్!"

"చిన్నదైనా పెద్దదైనా మీ ఇంట్లో పెట్టుకోండి డాక్టరు బాబూ. ఊరంతా ఫ్లూ. ఇక్కడ అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడుకున్నారు," అంటూ కుర్ర డాక్టర్ని బయటికి సాగనంపి, పెద్ద నర్సు వార్డు తలుపు వేసింది.

ఇటు తిరిగిందో లేదో, ఆమె చేతిలోని స్టీలు ట్రే ఖంగుమని నేల మీద పడింది.

కిటికీ పక్క మంచం మీద, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఉన్న మామ్మ కళ్ళు తెరిచింది. "పొద్దున్నుంచీ ఇది ఎన్నోసారే?"

"చెయ్యి జారింది మామ్మా."

"చెయ్యి కాదు, దగ్గు. దగ్గొచ్చినప్పుడల్లా వినపడకుండా ట్రే పడేస్తున్నావు. నాకు పాడయింది ఊపిరితిత్తులే, చెవులు కాదు."

మాస్కు వెనక నర్సు ముఖం కందిపోయింది. "ఒళ్ళు కాస్త వెచ్చబడింది, అంతే. నేను సెలవు పెడితే ఈ వార్డు ఏం కావాలి? ఇన్నేళ్ళ సర్వీసులో జ్వరమొచ్చిందని ఒక్క రోజు ఇంట్లో కూర్చోలేదు, తెలుసా!"

"అబ్బో! ఇన్నేళ్ళలో ఎంతమందికి అంటించావో మరి!"

గొప్పగా చెప్పుకునే ఆ ఏళ్ళన్నీ, వాటిలోని మంచాలన్నీ నర్సు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. మళ్ళీ దగ్గు తన్నుకొచ్చింది. ఈసారి దాచలేదు. మోచేతిలోకి దగ్గుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటింది.

"వేరే సిస్టర్ని పంపిస్తాను మామ్మా," అంది బయటి నుంచే.

"పంపు. ఆ ట్రే కూడా పట్టుకుపోవే తల్లీ. అది లేందే నీకు దగ్గడం చేతకాదు!"