జెండా కర్రకు సంచీ

"దించు హార్మ్! ముందు ఆ సంచీ దించు!"

మార్గా వాకిట్లో నిలబడి అరుస్తోంది. నిచ్చెన మీదున్న మొగుడు వినిపించుకోలేదు. జెండా కర్రను గోడకున్న గొట్టంలో దోపి, ఎరుపు పట్టీ పైకి వచ్చిందో లేదో చూసుకుని, కర్ర కొసన వేలాడుతున్న ఆమె పుస్తకాల సంచీ సర్దాకే కిందికి దిగాడు.

"పరీక్ష పాసైన పిల్లల ఇళ్లన్నిటికీ జెండాలు కట్టారు, సంచులు వేలాడదీశారు. మన ఇంటికేం తక్కువ?"

"వాళ్లు పిల్లలు. నాకు నలభై దాటాయి. పైగా అది నేను బంగాళదుంపలు తెచ్చుకునే సంచీ! అసలు ఫలితం వచ్చిందా అని?"

"రాకపోవడమే ఫలితం. నాలుగుంపావైంది. ఫోన్ మోగిందా? లేదు. పాసయ్యావు!"

అతనన్నదీ పూర్తిగా తప్పు కాదు. మార్గా చదివిన, పెళ్లయిన ఆడవాళ్ల కోసం పెట్టిన బడిలో పద్ధతే అంత. తప్పినవాళ్లకు టెర్ప్‌స్ట్రా మాస్టారు ఐదు లోపల స్వయంగా ఫోన్ చేసి చెబుతారు. ఫోన్ రాకపోతే పాసైనట్టే. తర్వాత తీరిగ్గా వెళ్లి మార్కులు చూసుకోవచ్చు. కానీ ఐదు కావాలి కదా. ఈ సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే సెప్టెంబరులో నర్సు శిక్షణలో సీటు. ఆమె వయసుకి ఆసుపత్రి వాళ్లు ఈ ఒక్క ఏడాదికే ఒప్పుకున్నారు.

పది నిమిషాలైనా గడవలేదు, లోపల ఫోన్ మోగింది.

మార్గా గబగబా లోపలికి నడిచింది. కూతురు ఫెమ్మి నడవాలోంచి తొంగిచూసి, "అమ్మా, నువ్వే తియ్యి. నాకు భయం" అంది. మార్గా రెండు చేతులతో రిసీవర్ పట్టుకుంది.

"జెండా కట్టారటగా!" అత్తగారి గొంతు ఖంగుమంది. "పాలవాడు చెబితే గానీ తెలియలేదు నాకు. లెక్కల్లో గట్టెక్కవనుకున్నాను సుమా!"

"అత్తయ్యా, ఇంకా ఏమీ..."

"సరే సరే, ఒకసారి వాణ్ణి పిలువు."

హార్మ్ రిసీవర్ అందుకుని నవ్వుతూ గోడకి ఆనుకున్నాడు. మార్గా వంటింట్లో కుర్చీలో కూలబడింది.

"ఇప్పుడు భయపడి ఏం లాభం?" ఫెమ్మి నడుం మీద చేతులు పెట్టుకుంది. "టీవీ కట్టేసి చదువుకోమంటే విన్నావా? పక్కింటి వాళ్లను చూసైనా బుద్ధి తెచ్చుకోవాలి."

"ఒసే, ఇవన్నీ నా మాటలే!"

"అందుకే కదా నోటికొచ్చాయి."

హార్మ్ ఫోన్ పెట్టేశాడో లేదో మళ్లీ మోగింది. ఈసారి చెల్లెలు యానీ. ఆ తర్వాత హార్మ్‌తో పనిచేసే అతను. ఆ తర్వాత మాంసం కొట్టు ఆవిడ. మోగిన ప్రతిసారీ మార్గా ఒకసారి ఫెయిలై, "హలో" విన్నాక మళ్లీ బతికింది.

"ఇదంతా నీ జెండా వల్లే," అని మొగుడి చొక్కా పట్టుకుంది. "వెళ్లి దించెయ్."

హార్మ్ రిసీవర్‌కి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "దించితే తప్పిందని ఊరంతా అనుకుంటుంది."

"పోనీ, కాస్త కిందికి కట్టు."

"సగానికి దించితే మనింట్లో ఎవరో పోయారని పూలు పట్టుకొస్తారు."

అంతలో పక్కింటి బూర్సెమా గారు కేకు పళ్లెంతో వచ్చేశారు. ఆవిడ ముందు జెండాను కిందినుంచి పైకి పరీక్షగా చూశారు. "నారింజ రంగు పీలిక కట్టలేదు, మంచి పని చేశారు. అది రాణిగారింటి పుట్టినరోజులకే కట్టాలి. పొద్దుగూకే లోపల మాత్రం జెండా లోపల పెట్టెయ్యాలి, మర్చిపోకండి." అప్పుడు గానీ మార్గాను కావలించుకోలేదు. "నర్సమ్మా! ఇక నా మోకాలి సంగతి నువ్వే చూడాలి."

మార్గా నవ్వలేక నవ్వింది. ఒకే కప్పు కాఫీలో రెండుసార్లు చక్కెర వేసింది. చూపు గోడ గడియారం మీదే ఉంది. నడవాలో హార్మ్ ఎవరితోనో, "లెక్కలా? మా ఆవిడకి లెక్కలు నీళ్లు తాగినంత తేలిక!" అని కోతలు కోస్తున్నాడు.

చర్చి గంట ఐదు కొట్టింది.

చివరి గంట మోత అణిగిపోయేదాకా ఆగి, ఫెమ్మి ఒక్క కేక పెట్టి తల్లి మెడకు వేలాడింది. బూర్సెమా గారు చప్పట్లు కొట్టారు. హార్మ్ ఫోన్‌లో అవతలి మనిషికి, "విన్నావా? అది మా గంట!" అన్నాడు. మార్గా ఏడుస్తూ నవ్వుతూ వాకిట్లోకి పరిగెత్తింది. తల పూర్తిగా వెనక్కి వాల్చి, గాలికి ఊగుతున్న బంగాళదుంపల సంచీని కళ్లారా చూసుకుంది.

"హార్మ్! ఫోన్ పెట్టేసి ఇటు రా," అని కేకేసింది. "దీన్ని కాస్త ఇటు తిప్పి కట్టు. వీధి చివరి వాళ్లకు కనబడటం లేదు."

అప్పుడే సైకిలు ఒకటి పొదలకు గుద్దుకుని ఆగింది. దిగిన మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. జెండా వైపు చూశాడు, సంచీ వైపు చూశాడు, మెల్లిగా టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

"మాస్టారూ!" మార్గా ఎదురెళ్లింది. "సమయానికొచ్చారు, కేకు కోస్తున్నాం!"

టెర్ప్‌స్ట్రా మాస్టారు ఆయాసం తీర్చుకుంటూ అన్నారు: "అరగంట నుంచి ప్రయత్నిస్తున్నానమ్మా. ఎప్పుడు చేసినా మీ ఫోన్ ఎంగేజే."