ఎక్కని పేరు

"సారూ, మీ దాంట్ల నా పేరు ఎక్కుతలేదు."

కరీంనగర్ రక్తదాతల సంఘం ఆఫీసు గుమ్మంలో నిలబడి అన్నాడాయన. యాభై దాటిన మనిషి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మడతపెట్టిన కాగితం.

సంపత్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. సంఘం వెబ్‌సైటు బాధ్యత అతనిదే.

"పేరేంది?"

"హనుమండ్లు. శ్రీరాంపూర్ నుంచి వచ్చిన."

సంపత్ కనుబొమలు ముడిపడ్డాయి. వారం రోజులుగా సైటు తిప్పికొడుతున్న వాటిలో ఆ పేరు రోజూ కనిపిస్తోంది.

రెండు నెలల కిందట ఎవడో ఆ సైటులో పేరు రాయాల్సిన గడిలో కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞ రాశాడు. సైటును నడిపే పాత ప్రోగ్రాము, పెర్ల్ భాషలో రాసిన స్క్రిప్టు, దాన్ని నమ్మి అలాగే అమలుచేసింది. నాలుగు వేల మంది దాతల వివరాలు తుడిచిపెట్టుకుపోయాయి.

సంపత్ పదిహేను రోజులు కూర్చుని స్క్రిప్టంతా తిరగరాశాడు. బయటినుంచి వచ్చిన ప్రతి మాటనూ మైలపడినట్టే చూసే పద్ధతి పెర్ల్‌లో ఉంది. పరీక్షలో నెగ్గితేనే లోపలికి. అదే పెట్టాడు. రక్తం గ్రూపు గడిలో ఎనిమిది గ్రూపులే చెల్లుతాయి. ఇంకేం రాసినా బయటికే.

"గ్రూపు అడిగితే ఊరి పేరెందుకు రాస్తున్నరు?"

"గది ఊరు కాదు సారూ, నా గ్రూపే. డాక్టరు గీ కాయితం మీద రాసిచ్చిండు. జర సూడుండ్రి."

సంపత్ చెయ్యి చాపలేదు.

"ఉన్నయే ఎనిమిది గ్రూపులు. ఇన్నిసార్లు తప్పు రాసెటోళ్లు ఎందుకు రాస్తరో నాకెరుకే. ఒకసారి మునిగినం, చాలు."

"నేనేం తప్పు చేసిన సారూ? ఎవలకన్న అక్కరకొస్తదని..."

"ఇగ పోండ్రి."

హనుమండ్లు కాగితం జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆయన ఫోన్ నంబరు మళ్లీ సైటులోకి రాకుండా సంపత్ అప్పుడే ఆపేశాడు.

నెల గడిచింది. ఒక ఉదయం డాక్టర్ కోమల ఫోన్ చేసింది.

"సంపత్, ముస్కాన్ అని ఇరవై రెండేండ్ల పిల్ల. కాన్పయింది, రక్తం ఆగుతలేదు. బాంబే గ్రూపు ఎవరన్న ఉన్నరా మీ లిస్టుల?"

"బాంబే... గ్రూపా?"

"పదివేల మందిల ఒక్కరికి ఉంటది. అందరికి సరిపడె 'ఓ' గ్రూపు గూడ ఎక్కియ్యరాదు. జల్ది చూడు!"

సంపత్‌కు హనుమండ్లు రాసిన ఊరి పేరు అదేనని గుర్తొచ్చింది. లిస్టు చూడనవసరం లేదు. తిప్పికొట్టిన పేర్ల ఫైలు తెరిచాడు. హనుమండ్లు నంబరు నొక్కాడు.

ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మా ఆయన లేడు బాబూ. మొన్న శుక్రవారమే మల్ల దుబాయ్ పోయిండు."

హైదరాబాద్ నుంచి రక్తం వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. ముస్కాన్ రెండింటికే కన్నుమూసింది. పసిగుడ్డు దక్కింది.

మర్నాడు సంపత్ స్క్రిప్టులో తొమ్మిదో గ్రూపు చేర్చాడు. నిమిషం కూడా పట్టలేదు.

ఆదివారం శ్రీరాంపూర్ వెళ్లాడు. హనుమండ్లు భార్య బాలవ్వ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. సంపత్ జరిగిందంతా చెప్పాడు, ముస్కాన్ సంగతితో సహా.

"తప్పు నాదే అమ్మా. ఆ కాయితం చూస్తే అయిపోయేది."

బాలవ్వ కోప్పడలేదు.

"పాపం, ఆ పిల్ల," అంది. "మీ తాన్నుంచి వచ్చినంక మా ఆయన రెండు దినాలు ముద్ద ముట్టలే బిడ్డా. 'ఈడ నాతోని ఎవలకు పని లేదు' అనుకుంట మల్ల పోయిండు."

"ఎందుకమ్మా అంత పట్టుబట్టిండు?"

"గీ రక్తం ఇయ్యాలెననే అక్కడి కొలువు ఇడిశిపెట్టి ఇంటికొచ్చిండు."

"ఎవరికి ఇద్దామని?"

"ఎవలకైనా," అంది బాలవ్వ. కొంగుతో కళ్లొత్తుకుంది. "మా కూతురు నవత కాన్పుల గీ రక్తమే దొరకక పాణం ఇడిసింది బిడ్డా, గా రక్తమున్న దాని బాపేమో గప్పుడు దుబాయ్‌ల ఉండె."