నా కంటే ముందు వెళ్లిన నేను

పరాయి దేశంలో స్థిరపడాలనుకునేవాళ్లు ఇప్పుడు ముందుగా తమ నకలును పంపి చూసుకుంటున్నారు. అచ్చం నాలాగే ఆలోచించే నా నకలు ఫిన్లాండ్ వెళ్లి ఏడాదైంది. మేం వెళ్లాలో వద్దో ఇవాళ తేల్చి చెప్పాలి. గోంగూర తుంచుకుంటూ, నకలు కనిపిస్తున్న తెర ముందు కూర్చున్నాను.

"ఎలా ఉందోయ్ అక్కడ?" మా ఆయన మురహరి దాన్ని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ. గాలి శుభ్రం. కరెంటు పోదు. ఆడది ఏ వేళైనా ఒంటరిగా తిరగొచ్చు."

"మరి కష్టాలో?"

"ఏముంటాయండీ, చలి తప్ప!"

అంటూ నల్లపూసలు వేలికి చుట్టుకుంది. అబద్ధమాడేటప్పుడు నేను చేసే పని అది. ఆయన కూడా ఏనాడూ గమనించలేదు.

ఆయన కాఫీ కోసం లోపలికి వెళ్లగానే, "నిజం చెప్పవే," అన్నాను.

అది ఏడుపు మొదలుపెట్టింది. "పలకరించే దిక్కులేక గోడలతో మాట్లాడుతున్నానే. అయినా నువ్వు రావాలి. రానంటే సాయంత్రానికల్లా నన్ను చెరిపేస్తారు. భయంగా ఉందే."

ఆ గొంతు నాదే. ఆ భయమూ నాదే.

"వస్తాంలే, ఏడవకు," అన్నాను.

అది చప్పున ఏడుపు ఆపేసింది. నా ముఖంకేసి కాదు, చేతికేసి చూస్తోంది. గోంగూర ఎప్పుడు జారిపోయిందో, నల్లపూసలు వేలికి ఎప్పుడు చుట్టుకున్నానో నాకే తెలియదు.