ప్రమాదం జరగని రోజులు

"జ్వరమని రాసేయండి సార్. నా ఒక్కదాని మూలంగా అందరి సెలవులూ నీళ్లపాలు కాకూడదు," అంది కటింగ్ మిషన్ మీద పనిచేసే ఆమె, ఆసుపత్రి బెంచీ మీద కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని.

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర 'ప్రమాదం జరగని రోజులు' అని ఒక బోర్డు ఉంది. రాత గుండ్రంగా ఉంటుందని, రోజూ పొద్దున్నే సుద్దముక్కతో దానిమీద అంకె మార్చే పని ఆమెకే అప్పగించాను. ఆ రోజుకి 364. ఏడాది నిండితే అందరికీ జీతంతో నాలుగు రోజులు సెలవిస్తానని యజమాని మాటిచ్చాడు. ఆ మధ్యాహ్నమే కటింగ్ మిషన్ కింద ఆమె రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి.

"దెబ్బ తగిలితే దానికి వేరే సెలవుంటుందమ్మా, నష్టపరిహారం కూడా..." అని నసిగాను.

"తప్పు నాదే కదండీ. కళ్లెక్కడ పెట్టుకున్నానో!"

సూపర్‌వైజర్‌ని కాబట్టి, జ్వరమని సెలవుచీటీ నేనే రాశాను. ఎప్పుడూ సంతకం చేసే మనిషి ఎడమచేతి వేలిముద్ర వేసింది.

మర్నాడు నేను వెళ్లేసరికి బోర్డు ముందు నిలబడి ఉంది.

"సెలవు పెట్టి ఎందుకొచ్చావమ్మా?"

"ఈ ఒక్క అంకె వేసి పోదామని సార్. ఎడమచేత్తో వేశాను, వంకరపోయింది. ఏమనుకోకండి."

ఆ మిషన్‌కి, వేళ్లు లోపలికి పోకుండా ఒక ఇనుపజాలీ ఉండేది. పని నెమ్మదిస్తోందని పోయిన వారం నేనే ఊడదీయించాను. ఇంకా నా బల్ల కిందే ఉంది.

ఆ 365 తుడిచి సున్నా పెట్టడానికి క్షణం పట్టదు. నా కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది.

కానీ అది పైకి లేవలేదు.